పాఠము వ్రాయుటకు ముందు వినుట: ప్రశ్నావళి, ముఖాముఖి సంభాషణల ఉపయోగము

బాప్తిస్మమునకు సిద్ధపరచే పాఠములు, సండే స్కూలు పుస్తకములు, స్త్రీల సమాజపు పాఠములు సాధారణముగా సెమినరీలో చదువుకున్నవారే వ్రాస్తారు. వ్రాసినవారికి అవి తేటగానే ఉంటాయి. నేర్చుకొనేవారికి ఎలా ఉన్నాయో తెలిసికొనుటకు సామాజిక శాస్త్రములు మనకు రెండు సాధనములను ఇచ్చాయి: ఒకటి ప్రశ్నావళి, రెండవది ముఖాముఖి సంభాషణ. వీటిలో ఏది ముందు, ఏది తరువాత అనేది చిన్న విషయముగా కనిపించవచ్చు. మేము పొరబడినది అక్కడే.

బాప్తిస్మపు పాఠములను సవరించవలసి వచ్చినప్పుడు మేము మొదట ప్రశ్నావళినే పంచిపెట్టాము. "ఈ పాఠము మీకు అర్థమైనదా?" అని అడిగి, "పూర్తిగా అర్థమైనది" మొదలుకొని "అసలు అర్థము కాలేదు" వరకు ఐదు గడులు పెట్టాము. 1932లో అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు రెన్సిస్ లైకర్ట్ ప్రతిపాదించిన కొలమానమునకు ఇది మా అనుకరణ. దాదాపు అందరూ మొదటి గడిలోనే టిక్కు పెట్టారు. మేము సంతోషించాము.

అంత సంతోషించి ఉండవలసినది కాదు. ఆ పత్రములను పంచినది సంఘకాపరి, తిరిగి తీసికొన్నదీ ఆయనే. అయ్యగారు చెప్పిన పాఠము అర్థము కాలేదని అయ్యగారి చేతికే వ్రాసి ఇచ్చే విశ్వాసి ఎక్కడుంటాడు? దీనిని అబద్ధమనలేము, మర్యాద అనాలి. పైగా 2011 జనాభా లెక్కల ప్రకారము ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడేళ్లు నిండిన స్త్రీలలో అక్షరాస్యులు సుమారు 59 శాతము మాత్రమే. చదువురాని తల్లుల పత్రములను బడికి వెళ్లే పిల్లలు నింపారని మాకు ఆలస్యముగా తెలిసింది.

తరువాత మా విద్యార్థిని ఒకరు ఇళ్లకు వెళ్లి, సాయంత్రము పనులు ముగిశాక స్త్రీలతో కూర్చొని మాట్లాడింది. "అర్థమైందా" అని అడగలేదు. "‘నీతిమంతులుగా తీర్చబడుట’ అని ఉంది కదమ్మా, మీ ఇంట్లోవాళ్లకు ఎట్లా చెబుతారు?" అని అడిగింది. ఒక పెద్దమ్మ చెప్పిన జవాబు ఇది: "నీతిమంతులంటే అబద్ధమాడనోళ్లు, ఒకరి సొమ్ము తిననోళ్లు. నేనింకా అట్లా కాలేదమ్మా. అయినాక తీసుకుంటా బాప్తిస్మం." ఆమె ఈ పాఠములను రెండుసార్లు పూర్తిచేసి, బాప్తిస్మపు దినమున రాకుండా ఉండిపోయిన మనిషి. సంఘపు పుస్తకములో ఆమె పేరు ఎదుట "నిలకడ లేదు" అని వ్రాసి ఉంది. ఆమె పత్రములోనూ టిక్కు మొదటి గడిలోనే ఉంది.

ఆమె తెలుగులో తప్పు లేదు. వాడుకలో నీతి అంటే మంచి నడవడి. నీతి కథలు, నీతి శతకములు అన్నప్పుడు మనమూ అదే అర్థము తీసుకుంటాము. రోమా పత్రికలో పౌలు మాట వెనుక ఉన్న న్యాయస్థానము, న్యాయాధిపతి తీర్పు ఈ పదమును వినగానే మనసుకు రావు. దానిని వివరించవలసినది పాఠము. మా పాఠము ఆ పదమునే మూడుసార్లు తిరిగి వాడి ఊరుకుంది.

కాబట్టి ముందు సంభాషణ, తరువాత ప్రశ్నావళి అని మేము అంటాము. సంభాషణకు వెళ్లేది కాపరి గాని, కాపరి కుటుంబమువారు గాని కాకూడదు. స్త్రీలతో స్త్రీలే మాట్లాడడము మేలు. చెప్పిన మాటను చెప్పినట్లే వ్రాసుకోవాలి. సెమినరీ భాషలోనికి మార్చి వ్రాస్తే మనకు కావలసినదే పోతుంది. ఎవరేమన్నారో కాపరికి చేరదని ముందే చెప్పి, ఆ మాట నిలబెట్టుకోవాలి. కొత్త సంగతులు రావడము ఆగి, విన్నవే మళ్లీ వినిపించే వరకు ఈ పని సాగాలి.

అప్పుడు ప్రశ్నావళికి పని దొరుకుతుంది. ఆ పెద్దమ్మ తలంపు ఆమెది మాత్రమేనా, సగము సంఘముదా అని లెక్క తేల్చగలిగేది అదే. అయితే ఎంచుకొనవలసిన జవాబులు జనుల నోట విన్నవై ఉండాలి. చదువురానివారికి బయటివారు చదివి వినిపించాలి.

ఈ క్రమము మేము కనిపెట్టినది కాదు. 1963లో బ్రెజిల్‌లోని అంజికోస్‌లో పౌలో ఫ్రెయిరే బృందము సుమారు 300 మంది శ్రామికులకు 40 గంటలలో చదవడము, వ్రాయడము నేర్పే ప్రయత్నము చేసినప్పుడు, ముందు వారి సంభాషణలలోని మాటలను సేకరించి, వాటితోనే పాఠములు అల్లింది. ఆయన రాజకీయములతో ఏకీభవించనివారు కూడా ఈ సంగతిని గమనించవచ్చు. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయములో ఫిలిప్పు సైతము రథము దగ్గరకు వెళ్లి, నపుంసకుడు చదువుచున్నది మొదట విన్నాడు. గ్రహించుచున్నావా అని ఆ తరువాతే అడిగాడు.

ఒక హెచ్చరిక. పాఠము ఎక్కడ తట్టుకుంటుందో జనులు చెబుతారు, సిద్ధాంతము ఏమిటో వారి జవాబుల లెక్క తేల్చదు. మేము ఆ పాఠమును కోర్టులో తీర్పు వినే మనిషి కథతో తిరిగి వ్రాసి, మళ్లీ చదివి వినిపించాము. స్త్రీలకు అది నచ్చింది. ఒక రైతు మాత్రము, "కేసు కొట్టేసింది సాక్షులు లేకనా అండీ?" అని అడిగాడు. అప్పటివరకు సిలువను గూర్చిన పాఠము దీని తరువాత ఉండేది. ఇప్పుడు దానిని ముందుకు జరిపాము.