నవ్వీ నవ్వనట్టు... అదే ‘రై’!

ఇంటర్వ్యూ బోర్డు ముందు కూర్చున్నారు. మీ రెజ్యూమె తిరగేస్తూ ఒకరు ‘డిగ్రీ అయ్యాక ఏడాది ఖాళీ ఉందే, ఏం చేశారు?’ అనడిగారు. ఈ రెండు జవాబులు చూడండి.

‘నోటిఫికేషన్లు వేస్తే కదా సార్, మేం ఏమైనా చేసేది!’

‘నోటిఫికేషన్ కోసం ఎదురుచూడటంలో నాకిప్పుడు ఏడాది అనుభవం ఉంది సార్. ఆ ఖాళీలోనే ఎస్‌క్యూఎల్ నేర్చుకుని చిన్న ప్రాజెక్టు చేశాను.’

రెండింటిలోనూ బాధ ఒకటే. మొదటిది ఎదుటివారికి గుచ్చుకుంటుంది. అది వెటకారం, ఇంగ్లిష్‌లో సర్కాజం. రెండోదాంట్లో చురక తనమీదే వేసుకున్నారు, వెంటనే అసలు విషయానికి వచ్చారు. ఇలాంటి పొడి హాస్యాన్నే ‘రై’ హ్యూమర్ అంటారు.

వంకరలోంచి పుట్టిన మాట

దీని స్పెల్లింగ్ డబ్ల్యూ-ఆర్-వై. ‘రైట్’, ‘రాంగ్’లలో లాగే ఇక్కడా డబ్ల్యూ పలకదు. మెలితిరిగిన, ఓ పక్కకు వంగిన అన్నది అసలు అర్థం. మెడ ఓ వైపు తిరిగిపోయే సమస్యను ‘రై నెక్’ అంటారు. అనుకున్న ప్లాన్ తారుమారైతే ‘అరై’ అయిందంటారు. దీన్ని చాలామంది ‘ఆవ్రీ’ అని చదివేస్తుంటారు, జాగ్రత్త!

పెదవి కాస్త పక్కకు తిరిగే నవ్వు ‘రై స్మైల్’. మనం ‘ఏడవలేక నవ్వాడు’ అంటామే, దానికి దగ్గరిదే. కాకపోతే ఇందులో నిస్సహాయత కన్నా ‘ఇలాగే అవుతుందని తెలుసులే’ అన్న ఎరుక ఎక్కువ.

అమెరికన్ రచయిత మార్క్ ట్వైన్ 1897లో లండన్‌లో ఉండగా ఆయన ప్రాణాపాయంలో ఉన్నారని, చనిపోయారని పుకార్లు వచ్చాయి. ఆరా తీసిన విలేకరికి ఆయన కోపగించుకోకుండా, తన మరణవార్త అతిశయోక్తి అని జవాబిచ్చారు. రై హ్యూమర్ అంటే అదీ!

పరీక్షలో తికమక వద్దు

క్యాట్ లాంటి పరీక్షల రీడింగ్ కాంప్రహెన్షన్‌లో రచయిత ‘టోన్’ ఏమిటని అడుగుతుంటారు. ఆప్షన్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. తేడా ఇలా గుర్తుపెట్టుకోండి.

రై: చేదును నవ్వుతో మింగడం. కోపం ఉండదు.
సర్కాస్టిక్: పొగిడినట్టే ఎత్తిపొడవడం.
సార్డానిక్: చులకన నిండిన హేళన.
కాస్టిక్: నవ్వుకన్నా మంట ఎక్కువ.
డెడ్‌పాన్: ముఖంలో ఏ భావమూ లేకుండా జోకు వేయడం. ఇది చెప్పే తీరుకు సంబంధించిన మాట.

ఎక్కడ వాడాలి?

ఇంటర్వ్యూలో అయితే ఒక్క వాక్యం చాలు, అదీ మీమీదే. పాత కంపెనీ మీదో, కాలేజీ మీదో వద్దు. జోకు తర్వాత అసలు జవాబు తప్పకుండా ఉండాలి. ఆఫీసు మెయిల్స్‌లో మాత్రం మానేయండి. అక్కడ మీ ముఖం కనిపించదు, గొంతు వినిపించదు. చదివేవారు అక్షరాలా నిజమే అనుకునే ప్రమాదం ఉంది.

చివరిగా ఓ వాక్యం. ‘ఫలితాలు మళ్లీ వాయిదా అని తెలిసి ఆమె ఓ రై స్మైల్ ఇచ్చింది.’ చదవగానే మీ పెదవి కాస్త పక్కకు తిరిగిందా? అయితే మాట అర్థమైనట్టే!