లాభాన్ని తేల్చే 91వ రోజు

అప్పుల మీద వచ్చే వడ్డీకి, డిపాజిటర్లకు ఇచ్చే వడ్డీకి మధ్య తేడాయే ప్రధానంగా బ్యాంకు ఆదాయం. అందులోంచి జీతాలు, అద్దెలు పోవాలి. రాని బాకీల కోసం పక్కన పెట్టే సొమ్మూ పోవాలి. మొదటివి బిల్లు చూసి రాసే ఖర్చులు, చివరిది అంచనా. ఏ బాకీని ఎప్పుడు రానిదిగా ఒప్పుకోవాలో అకౌంటింగ్ నిబంధన చెబుతుంది. ఆ తేదీ మారితే లాభమూ మారిపోతుంది.

కోటి రూపాయల అప్పు, 10 శాతం వడ్డీ అనుకుందాం. వాయిదా తప్పినా 90 రోజుల వరకు అది మంచి అప్పే. వడ్డీ చేతికి రాకపోయినా ఆదాయంలో కలుస్తూనే ఉంటుంది. 91వ రోజున అది మొండి బాకీ. అప్పటిదాకా కలిపిన సుమారు రెండున్నర లక్షల వడ్డీని వెనక్కి తీసేయాలి. తాకట్టు ఉన్నా సరే, 15 లక్షలు లాభంలోంచి కేటాయించాలి. కోటికి ఏడాదికి 3 లక్షలు మిగిలే వ్యాపారంలో ఈ ఒక్క దెబ్బ పూడాలంటే అలాంటి మంచి అప్పులు దాదాపు ఆరు ఏడాది పొడవునా సక్రమంగా నడవాలి.

ఈ క్రమశిక్షణకు పునాది వేసింది తెలుగువాడైన రిజర్వు బ్యాంకు మాజీ గవర్నర్ మైదవోలు నరసింహం. ఆయన కమిటీ 1991లో ఇచ్చిన నివేదిక తర్వాతే, రాని వడ్డీని ఆదాయంగా రాసుకునే అలవాటుకు గట్టిగా అడ్డుకట్ట పడింది. 2004 మార్చి నుంచి గడువు 90 రోజులకు దిగింది.

అయితే పాత బాకీ వాయిదా కట్టడానికే కొత్త అప్పు ఇస్తే ఆ 91వ రోజు ఎప్పటికీ రాదు. 2015లో, రఘురామ్ రాజన్ గవర్నర్‌గా ఉండగా, రిజర్వు బ్యాంకు ఇలాంటి ఖాతాలను తిరగదోడింది. 2018 మార్చి నాటికి మొండి బాకీలు మొత్తం అప్పుల్లో 11 శాతం దాటాయి. 2017-18లో ప్రభుత్వరంగ బ్యాంకులన్నీ కలిసి 85 వేల కోట్లకు పైగా నష్టపోయాయి. ఆ నష్టమంతా ఆ ఒక్క ఏడాదిలో పుట్టింది కాదు. చాలాభాగం అంతకుముందు చూపించిన లాభాల కిందే దాగి ఉంది. ప్రభుత్వం ఖజానాలోంచి మూలధనం పోయాల్సి వచ్చింది; అది పన్ను కట్టే జనం సొమ్ము.

బాకీలన్నీ సవ్యంగా వసూలవుతున్నా వడ్డీరేట్ల రూపంలో ముప్పు రావచ్చు. 6 శాతం వడ్డీనిచ్చే పదేళ్ల బాండును 100 రూపాయలకు కొన్నాక మార్కెట్ రేటు 7 శాతానికి పెరిగితే దాని ధర దాదాపు 93కు పడిపోతుంది. గడువు తీరేదాకా ఉంచుకుంటామని ప్రకటించిన బాండ్లకు మాత్రం ఈ తగ్గుదల లాభనష్టాల ఖాతాలోకి రాదు. అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంకుకు 2022 చివరికి ఇలా పద్దుకెక్కని నష్టం సుమారు 1,500 కోట్ల డాలర్లు, దాని మూలధనాన్ని దాదాపు మింగేసేంత. 2023 మార్చి 9న ఖాతాదారులు ఒక్కరోజే 4,200 కోట్ల డాలర్లు తీసుకుపోయారు. మర్నాడే బ్యాంకు మూతపడింది. ఉంచుకోవాలన్న ఉద్దేశం ఉంటే చాలదు, ఉంచుకోగల శక్తీ కావాలి. ఆ శక్తి డిపాజిటర్ల నమ్మకం నుంచే వస్తుంది.

వాయిదా తప్పేదాకా ఆగకుండా, అప్పిచ్చిన నాటి నుంచే రాగల నష్టాన్ని అంచనా వేసి కేటాయించాలనే ఐఎఫ్‌ఆర్‌ఎస్ 9 ప్రమాణం అనేక దేశాల్లో 2018 జనవరి నుంచి అమల్లో ఉంది. భారత్‌లో 2027 ఏప్రిల్ 1 నుంచి ఈ పద్ధతికి మారాలని రిజర్వు బ్యాంకు ప్రతిపాదించింది. మొదట్లో కేటాయింపులు పెరిగి మూలధనం కొంత తరుగుతుంది కనుక, ఆ భారాన్ని 2031 మార్చి దాకా విడతలుగా సర్దుకునే వెసులుబాటునూ అందులో చేర్చింది.