కింద ఉండాల్సిన చెయ్యి

చూపు లేని బిడ్డ తల్లికి ఎవరైనా ఇచ్చే మొదటి సలహా, పిల్లతో మాట్లాడుతూనే ఉండమని. వినపడని బిడ్డ తల్లికి ఇచ్చేది, ఎదురుగా కూర్చుని సైగలు చేసి చూపించమని. రెండూ సరైన సలహాలే. కానీ ఆ రెండు లోపాలూ ఒకే బిడ్డలో ఉంటే రెండు సలహాలూ ఒకేసారి చెల్లకుండా పోతాయి. చూపులేనితనానికి చెవుడు కలిపి లెక్క వేస్తే బధిరాంధత్వం అర్థం కాదు. ఒక లోటును పూడ్చుకునే దారిని రెండో లోటు మూసేస్తుంది, అసలు చిక్కు అక్కడ. మహేశ్వరం మండలం తుక్కుగూడలో అలాంటి బిడ్డ ఉంటే, కళ్ల కోసం మెహదీపట్నంలోని సరోజినీదేవి ఆస్పత్రికి, చెవుల కోసం కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రికి, ఎదుగుదల పరీక్షలకు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌కు తిరగాలి. ఔటర్ రింగ్ రోడ్డు గుమ్మంలోనే ఉన్నా ఆ మూడూ మూడు దిక్కులు. తిరగ్గా తిరగ్గా ఇంటికి మూడు ఫైళ్లు చేరతాయి. ఈ బిడ్డకు మాట ఏ దారిన అందుతుందన్న ప్రశ్నకు ఆ ఫైళ్లలో చోటు ఉండకపోవచ్చు. అది అందేది చేతుల దారిన. దానికి బడి తలుపు తెరుచుకునేదాకా ఆగనక్కర్లేదు, ఆగకూడదు కూడా.

ఈ సంగతి ఎత్తగానే అందరికీ హెలెన్ కెల్లర్ గుర్తొస్తుంది. ఒక చేతి మీద పంపు నీళ్లు పడుతుంటే, రెండో అరచేతిలో టీచరు వేళ్లతో అక్షరాలు రాస్తుంది. పిల్లకు ఒక్కసారిగా భాష తెలిసిపోతుంది. గొప్ప కథే, కానీ చాలామంది తల్లిదండ్రులను తప్పుదారి పట్టించిన కథ కూడా. ఆ టీచరు యానీ సల్లివాన్ హెలెన్ ఇంట్లో అడుగుపెట్టింది 1887 మార్చి 3న, పంపు దగ్గర ఘట్టం జరిగింది ఏప్రిల్ 5న. నెలరోజుల్లో తలుపు తెరుచుకుందంటే దానికి కారణాలున్నాయి. హెలెన్ పందొమ్మిది నెలల వయసుదాకా చూసింది, విన్నది, మాటలు మొదలుపెట్టింది. జబ్బుచేసి రెండూ పోయాక కూడా తనంతట తాను కల్పించుకున్న సైగలతో ఇంట్లోవాళ్లను అడగాల్సినవి అడిగేది. జపాన్‌లో టోక్యో విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ అయిన సతోషి ఫుకుషిమాకు చూపు తొమ్మిదో ఏట, వినికిడి పద్దెనిమిదో ఏట పోయాయి. తల్లి అతని వేళ్ల మీద బ్రెయిలీ మీటలు నొక్కినట్టు నొక్కి మాట్లాడే పద్ధతి కనిపెట్టగలిగిందంటే, అప్పటికే అతనికి ఒక భాష నిండుగా ఉంది కాబట్టి. పుట్టుకతోనే రెండూ లేని బిడ్డ సంగతి వేరు. వస్తువుకు పేరుంటుందన్న ఊహ మాట అలా ఉంచండి, తన చెయ్యి చాస్తే ఎవరో బదులిస్తారన్న నమ్మకం నుంచే అక్కడ మొదలుపెట్టాలి.

ఆ నమ్మకం ఎలా కలుగుతుంది? మన అక్షరాభ్యాసాన్ని ఒకసారి తలచుకోండి. పళ్లెంలో బియ్యం పోసి, పిల్లవాడి వేలిని పైనుంచి పట్టుకుని పెద్దలు ఓనమాలు దిద్దిస్తారు. కళ్లూ చెవులూ పనిచేసే పిల్లవాడికి అది వేడుక. బధిరాంధ బిడ్డకు ఆ పట్టు భయం. ఎవరు పట్టుకున్నారో, ఎక్కడికి లాగుతున్నారో తెలియదు. ఆ బిడ్డకు చేతులే కళ్లు కాబట్టి, మణికట్టు పట్టుకుంటే కళ్లు మూసినట్టే. అందుకే ఈ రంగంలో పనిచేసేవాళ్లు పెద్దల చెయ్యి కింద, పిల్ల చెయ్యి పైన ఉండాలంటారు. అమ్మ గిన్నెలోంచి ముద్ద తీస్తుంటే పిల్ల చెయ్యి ఆమె చేతి మీద ఆని ఉంటుంది. ఆ కదలికను తెలుసుకుంటుంది, నచ్చకపోతే తీసేసుకుంటుంది. తీసేసుకోగలగడమే ఇక్కడ ముఖ్యం. వద్దనగలిగిన పిల్లే కావాలని అడగగలుగుతుంది. నెదర్లాండ్స్‌లో రుబెల్లా వల్ల బధిరాంధులైన పిల్లలకు ఏళ్ల తరబడి బోధించిన యాన్ వాన్ డైక్ కూడా పాఠం కంటే ముందు పిల్ల కదలికలో తాను కలిసి కదలడంతోనే మొదలుపెట్టాడు. పిల్ల ఊగితే తనూ ఊగి, ఆగిపోయి, ఇంకోసారి అని పిల్ల అడిగేదాకా కాచుకునేవాడు. ఆ కాచుకోవడం తెలియని టీచరు ఎన్ని డిప్లొమాలు చదివినా ఇక్కడ పనికిరాడు.

తర్వాతి మెట్టు వస్తువులు. స్నానానికి ముందు రోజూ అదే చెంబు చేతికి ఇవ్వాలి, అన్నానికి ముందు అదే చెంచా, బయటికి వెళ్లేముందు అదే చెప్పు. చెంబు ముట్టుకోగానే గౌను విప్పుకోబోయిందంటే ఆ పిల్లకు చెంబు ఇక వట్టి చెంబు కాదు, కబురు. అప్పుడు వరసగా నాలుగు డబ్బాలు పెట్టి పొద్దున జరగబోయే పనుల వస్తువులను ఒక్కోదాన్లో వేస్తారు. పని కాగానే ఆ వస్తువును అయిపోయినవాటి డబ్బాలో పిల్లచేతే వేయిస్తారు. ముందు, తర్వాత, అయిపోయింది అన్న కాలజ్ఞానం ఈ డబ్బాల్లోంచే పుడుతుంది. మనుషులకూ గుర్తులు కావాలి. అమ్మ వస్తే గాజులు, నాన్న వస్తే వాచీ, తాత వస్తే గడ్డం, ముట్టించాకే ఎత్తుకోవాలి. చెప్పకుండా ఎత్తుకుంటే ఆ బిడ్డకు మనుషులంతా ఊడిపడేవాళ్లే. ఈ పునాది పడ్డాక చెంబు బదులు దాని అంచు ముక్క, ఆ ముక్క బదులు చేతిలో చేసే సైగ, సాగగలిగిన పిల్లలకు బ్రెయిలీ. తెలుగు బ్రెయిలీలో ‘అ’ ఒక్క చుక్క. కానీ చెంబు అర్థం కాని పిల్లకు ఆ చుక్క నేర్పబోవడం శ్రమదండగ.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. ఆరోగ్యశ్రీలో కాక్లియర్ ఇంప్లాంట్ ఉండగా ఈ చెంబులూ చెంచాలూ ఎందుకని అడగవచ్చు. ఇంప్లాంట్ వేయించదగ్గ బిడ్డకు తప్పక వేయించాలి. పైగా బధిరాంధ పిల్లల్లో ఎక్కువమందికి ఎంతో కొంత చూపో వినికిడో మిగిలే ఉంటుంది, దాన్ని వాడుకోకపోవడం నేరం. అయితే ఇంప్లాంట్ చప్పుడును లోపలికి పంపుతుంది, అర్థాన్ని పంపదు. చప్పుడు ఎక్కడినుంచి వచ్చిందో చూడలేని పిల్లకు దాని అర్థం ముట్టుకుంటేనే తెలుస్తుంది. బోరు మోటారు మోగుతున్నప్పుడు పైపు మీద చెయ్యి వేయించాలి, ఆగినప్పుడూ వేయించాలి. రెండో అభ్యంతరం ఇంకా బరువైంది. పొద్దున్నే కూలికి పోయే తల్లికి ఇవన్నీ చేసే తీరిక ఎక్కడుంది? నిజమే. కానీ ఇందులో విడిగా కూర్చోబెట్టి చెప్పే పాఠం దాదాపు లేదు. స్నానం, తిండి, బట్టలు, నిద్ర ఎలాగూ జరిగేవే, అవి ఒకే వరసలో, ముందు కబురిచ్చి జరగాలి. సల్లివాన్ కూడా గంటల లెక్కన పాఠాలు చెప్పడం త్వరలోనే మానేసి, పసిపిల్లల చెవిలో మాట్లాడినట్టు రోజంతా హెలెన్ అరచేతిలో మాట్లాడటం మొదలుపెట్టింది. తల్లికి భారం తగ్గాలంటే ఇంట్లో మిగతావాళ్లూ అదే పద్ధతి పట్టుకోవాలి. అది ఆమె ఒక్కదాని పని అనుకోవడం మన ఇళ్లలోని పాత జబ్బు.

ఒక్కో పిల్లకు ఒక్కో టీచరంటే ప్రభుత్వం భరించగలదా అన్నది మూడో ప్రశ్న. 2016 వికలాంగుల హక్కుల చట్టం బధిరాంధత్వాన్ని పేరుపెట్టి గుర్తించింది. 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నవాళ్లకు ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల వరకు ఉచిత విద్య హక్కన్నది. ఆరేళ్లకు ముందు కాలమే ఈ పిల్లలకు ప్రాణం, చట్టంలోని ఆ హక్కు మాత్రం ఆరో ఏట మొదలవుతుంది. ముంబైలో 1977లో బధిరాంధుల కోసం హెలెన్ కెల్లర్ సంస్థ మొదలైంది, చెన్నై దగ్గర ముట్టుకాడులో 2005 నుంచి బహుళ వైకల్యాల జాతీయ సంస్థ ఉంది. కానీ మూడేళ్ల బిడ్డను తుక్కుగూడనుంచి ముట్టుకాడు పంపమనడం పరిష్కారం కాదు. 1997లో అహ్మదాబాద్‌లో మొదలైన సెన్స్ ఇండియా చూపించిన దారి చవకైనది. కొత్త భవనాలు కట్టకుండా, ఇప్పటికే వికలాంగులతో పనిచేస్తున్న సంస్థల సిబ్బందికి ఈ పద్ధతుల్లో తర్ఫీదు ఇవ్వడం. మనకు మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, వాటిలో ప్రత్యేక ఉపాధ్యాయులున్నారు, అంగన్‌వాడీలు ఊరూరా ఉన్నాయి. లోటు మనుషుల్లో కంటే తర్ఫీదులోనే ఎక్కువ.

తల్లిదండ్రులకు ఒక మాట. బిడ్డకు చూపు తక్కువని తేలిన నాడే వినికిడి పరీక్ష అడగండి, వినికిడి తక్కువని తేలితే కళ్ల పరీక్ష అడగండి. మేనరికం ఉన్న ఇంట్లో పుట్టుచెవుడున్న పిల్ల పెద్దయ్యాక రేచీకటి మొదలైందంటే, ఒకే జన్యులోపం రెంటినీ తెచ్చే అషర్ జబ్బు కావచ్చు, ఆలస్యం చేయకండి. తొమ్మిది నెలలకు ఒకటి, రెండో ఏట ఇంకొకటి వేసే మీజిల్స్-రుబెల్లా టీకా మానిపించకండి. గర్భిణికి తొలి నెలల్లో రుబెల్లా సోకితే కడుపులోని బిడ్డ కళ్లూ చెవులూ గుండే దెబ్బతినవచ్చు. వైకల్య ధ్రువపత్రం ఇచ్చే శిబిరానికి వెళ్తే రెండు లోపాలనూ నమోదు చేయించండి, తర్వాత మండల భవిత కేంద్రానికి వెళ్లి ఇంటికొచ్చి నేర్పే టీచరును అడగండి.