అసుకా: ఇనుపరేఖను చదివిన ఉపగ్రహము

సూర్యునికంటె లక్షలు, కోట్ల రెట్లు ద్రవ్యరాశిగల కృష్ణబిలము తన చుట్టును సుడితిరుగు వాయువును కబళించుచుండగా ఆ వాయువుయొక్క అంతర్భాగమునుండి వెలువడు ఎక్స్‌కిరణములు, కోట్ల యేండ్లు పయనించి వచ్చియు, భూవాతావరణముననే ఇంకిపోవును గనుక, క్రియాశీల గెలాక్సీల గర్భమును పరీక్షింపగోరు వారికి యంత్రమును అంతరిక్షమునకు పంపుట తప్ప గత్యంతరము లేదు. జపానుదేశీయులు 1993 ఫిబ్రవరి 20న ఉచినౌరానుండి ప్రయోగించిన అసుకా అట్టి యంత్రము.

ఎక్స్‌కిరణము దర్పణముపై నిట్టనిలువుగా పడెనేని అందులోనికి చొచ్చుకొనిపోవును. తలమును ఒరసికొనుచు ఏటవాలుగా తాకినపుడే ప్రతిఫలించును. అందుచేత బంగారుపూతగల పలుచని అల్యూమినియం రేకులను ఉల్లిపొరలవలె ఒకదానిలో నొకటి కూర్చి నాలుగు దూరదర్శినులను నిర్మించిరి. వానిలో రెంటికి సీసీడీ కెమెరాల నమర్చిరి. ఎక్స్‌కిరణ ఖగోళశాస్త్రమున వాని నుపయోగించిన మొదటి ఉపగ్రహ మిదియే. అసుకా ఘనత దాని పరిమాణమున గాక, వచ్చిపడిన ఒక్కొక్క ఫోటాను శక్తిని నిశితముగా కొలువగలిగిన ఈ వివేచనయందే యున్నదని నా తలంపు.

కృష్ణబిలము చుట్టునుగల వాయుచక్రముపై తీవ్రమైన ఎక్స్‌కిరణములు పడినపుడు అందలి ఇనుప పరమాణువులు లోపలి ఎలక్ట్రానును కోల్పోయి, ఆ ఖాళీ నిండునపుడు 6.4 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల శక్తిగల కిరణమును వెలువరించును. వర్ణపటమున అది ఒక రేఖగా కానవచ్చును. అంతకుముందటి జపాను ఉపగ్రహమైన గింగా ఈ రేఖ ఉనికిని గుర్తించెనే గాని, దాని రూపమును విడమరచి చూపజాలకపోయెను. 1994లో అసుకా ఎం.సి.జి.-6-30-15 అను గెలాక్సీవంక నాలుగు దినములకు పైగా నిలిచి చూడగా, ఆ రేఖ సెకండుకు సుమారు లక్ష కిలోమీటర్ల వేగమునకు దీటైన వెడల్పుతో, తక్కువ శక్తివైపు దీర్ఘముగా సాగిన తోకతో సాక్షాత్కరించెను! చక్రభ్రమణముచే రేఖ విస్తరించుటయు, గురుత్వమునకు ఎదురీదుటలో కిరణములు శక్తిని కోల్పోవుటయు ఇందుకు హేతువులని యసువో తనాకా ప్రభృతులు 1995లో ప్రకటించిరి. ఫేబియన్ మున్నగువారు 1989లోనే గణితముచే ఊహించిన ఆకృతి ఇట్లు ప్రత్యక్షమగుట ఎంతటి ఆనందదాయకము!

2000 జులైలో సంభవించిన మహాసౌరజ్వాలచే భూవాతావరణము ఉబ్బగా అసుకా అదుపు తప్పెను. సౌరఫలకములు సూర్యునినుండి మరలిపోగా బ్యాటరీలు అడుగంటెను. 2001 మార్చి 2న అది వాతావరణమున పడి నశించెను. తరువాత ఐరోపావారి ఎక్స్‌ఎంఎం-న్యూటన్ పరిశీలనలలోను అదే గెలాక్సీయందు వెడల్పయిన రేఖ కానవచ్చెను. అడ్డువచ్చిన వాయుమేఘములు కిరణములను మ్రింగుటచేతనే రేఖ అట్లు తోచుచున్నదని వాదించిన శాస్త్రజ్ఞులును కలరు.