ఇంటి మీదుగా విమానం వెళితే...?

మొన్న మా మాచర్ల ఇంట్లో గోంగూర వలుస్తూ కూర్చుంటే పక్కింటి అమ్మాయి వచ్చింది. "వదినా, సాగర్ దగ్గర ఎయిర్‌పోర్టు వస్తుందంట. మా ఆయన నా గాజులు అమ్మి అటువైపు ప్లాటు కొందామంటున్నాడు. మీరేమంటారు?" అంది.

మీ ఇంట్లోనూ ఈ మాట వచ్చే ఉంటుంది. రాష్ట్ర ప్రభుత్వం కొత్త విమానాశ్రయాలకోసం పరిశీలనకు తీసుకున్న చోట్లలో మన నాగార్జునసాగర్ కూడా ఉంది. వస్తే మంచిదే. నాగార్జునకొండ చూడటానికి యాత్రికులు పెరుగుతారు, మన పిల్లలకు నాలుగు ఉద్యోగాలు దొరుకుతాయి. కాని పరిశీలన వేరు, కట్టడం వేరు. పైగా ప్లాటు కొనేటప్పుడు నేల ఒక్కటే చూస్తాం. దానిమీది ఆకాశం ఎవరం చూస్తాం చెప్పండి?

చప్పుడు లెక్క

పిడుగురాళ్ళ, గురజాల వైపు సున్నపురాయి క్వారీల పేలుళ్ళు మనకు కొత్త కాదు. అది ఒక్కసారి ఢామ్మని ఆగిపోతుంది. విమానం అలా కాదు, రోజూ వేళకు వస్తుంది.

చప్పుడును డెసిబెల్స్‌లో కొలుస్తారు. మనం మామూలుగా మాట్లాడుకునేది సుమారు 60. మిక్సీలో పచ్చడి వేస్తే 80 దాటుతుంది. 10 డెసిబెల్స్ పెరిగితే మన చెవికి చప్పుడు రెట్టింపైనట్టు ఉంటుంది. మన దేశంలో 2000 నాటి నిబంధనల ప్రకారం ఇళ్ళున్న చోట పగలు 55, రాత్రి 45 మించకూడదు. అయితే విమానాశ్రయాల చుట్టూ ఉన్న ప్రాంతాలకు 2018లో వేరే హద్దులు పెట్టారు. రద్దీ ఎక్కువ ఉన్నవాటికి పగలు 70, రాత్రి 65. మిగిలినవాటికి 65, 60. ఇవి కూడా సగటు లెక్కలే. ఒక్కో విమానం వెళ్ళేటప్పుడు చప్పుడు అంతకంటే ఎక్కువే ఉండొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపాకోసం 2018లో చేసిన సూచనలో రాత్రిపూట విమానాల చప్పుడు 40కి లోపు ఉండాలంది.

పిల్లల చదువు సంగతి

జర్మనీలోని మ్యూనిక్‌లో 1992లో పాత విమానాశ్రయం మూసేసి వేరేచోట కొత్తది తెరిచారు. రెండుచోట్లా పిల్లల్ని పరీక్షించారు. కొత్తదాని దగ్గర పిల్లలు చదవడంలో, గుర్తుపెట్టుకోవడంలో వెనకబడ్డారు. పాతదాని దగ్గర పిల్లలు మెరుగుపడ్డారు. నిద్ర చెడటం, రక్తపోటు పెరగటం పెద్దవాళ్ళ బాధలు. ఇంట్లో పసిబిడ్డో, గుండెజబ్బు మామగారో ఉంటే ఈ సంగతి ముందే ఆలోచించుకోవాలి.

ఊరి బయటే కదా అనుకోవద్దు

బేగంపేట విమానాశ్రయం ఒకప్పుడు ఊరి బయటే ఉండేది. హైదరాబాద్ పెరిగి దాన్ని చుట్టేసింది. 2008 మార్చిలో శంషాబాద్ మొదలయ్యేదాకా చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు ఆ మోత భరించారు. గన్నవరంలోనూ మొదట్లో ఉన్న రన్‌వే చాలక, దాన్ని 3,360 మీటర్లకు పొడిగించారు. అందుకు కేసరపల్లి, బుద్ధవరం వైపు రైతులు భూములిచ్చారు. అంటే ఇవాళ గీసిన హద్దు రేపు జరగొచ్చు.

కొనేముందు ఇవి అడగండి

* రన్‌వే ఏ దిక్కుకు వేస్తారు? విమానాలు దాని రెండు చివరల మీదుగానే దిగుతాయి, లేస్తాయి. దిగే విమానం 10 కిలోమీటర్ల దూరంలో ఉండగానే సుమారు 500 మీటర్ల ఎత్తుకు వచ్చేస్తుంది. అందుకే ఆ వరుసలో ఉన్న ఇంటికి మోత ఎక్కువ, పక్కకు ఉన్న ఇంటికి తక్కువ. దిక్కు తేలకముందు "మంచి ప్లాటు" అనే మాటే లేదు.

* మేడ ఎంత ఎత్తు కట్టనిస్తారు? విమానాశ్రయం చుట్టూ ఎత్తుకు హద్దులుంటాయి. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ అనుమతి కావలసి రావచ్చు.

* చెట్లు పెంచితే సరిపోదా అంటారేమో. గోడలు, చెట్లు పక్కనుంచి వచ్చే చప్పుడునే కాస్త ఆపుతాయి. నెత్తిమీది చప్పుడును ఆపలేవు. కిటికీలు బిగిస్తే తగ్గుతుంది గాని, మన పల్నాడు ఎండల్లో కిటికీలు మూసుకుని పడుకోగలమా?

సభకు మీరూ వెళ్ళండి

విమానాశ్రయం కట్టేముందు 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం కాలుష్య నియంత్రణ మండలి ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటించాలి. ఆ సభకు మగవాళ్ళు వెళితే చాలని ఊరుకోకండి. రాత్రి లేచిన బిడ్డను జోకొట్టేది మీరే కదా! రాత్రి విమానాలు ఎన్ని, బడి ఎంత దూరంలో ఉంది, చప్పుడు ఎవరు కొలుస్తారు అని అడగండి. మాట్లాడటం బెరుకైతే కాగితం మీద రాసివ్వండి, అదీ లెక్కలోకి వస్తుంది.

ఇంతకీ మా పక్కింటి అమ్మాయికి ఏం చెప్పాననుకున్నారు? "రన్‌వే గీత కాగితం మీద చూసేదాకా గాజులు చేతికే ఉంచుకో అమ్మా" అన్నాను. "ఆయనకు ఎలా చెప్పను వదినా?" అంది. "ఈ నాలుగు ప్రశ్నలూ రాసిస్తా. ప్లాటు అమ్మేవాణ్ణే అడగమను" అన్నాను. కాగితం మడిచి కొంగుకు ముడేసుకుని వెళ్ళింది. మర్నాడు చూస్తే గాజులు చేతికే ఉన్నాయి.