‘అంతా సవ్యం’

సంతలో కుండ కొనే ఇల్లాలు దాన్ని చేతిలోకి తీసుకుని వేలి కణుపుతో ఒకసారి కొట్టి చూస్తుంది. ఖంగుమని పలికితే డబ్బు ఇస్తుంది. బొదబొదమంటే కింద పెట్టి పక్కదాన్ని అందుకుంటుంది. కుమ్మరి ఎంత తెలిసినవాడైనా, “బంగారంలాంటి కుండ, తల్లీ!” అని ఎంత నమ్మబలికినా, ఆమె తన చెవిని తప్ప మరొకరిని నమ్మదు. బొగ్గు గనిలో నెత్తిమీది కప్పును పరీక్షించే పద్ధతి కూడా అచ్చంగా ఇదే నంటే పాఠకులకు ఆశ్చర్యం కలగవచ్చు.

సింగరేణి ప్రాంతంలో గనిని ‘బాయి’ అంటారు. బాయిలో షిఫ్టు మనుషులు పని మొదలుపెట్టక ముందే సర్దారు అనే ఉద్యోగి పని జరిగే చోటంతా తిరిగి చూడాలి. చేతిలో కర్ర ఉంటుంది. దానితో కప్పును తడుతూ, రెండో చేతి వేళ్ళు కప్పుకు ఆనించి నడుస్తాడు. గట్టి రాయి గంటలాగా మోగుతుంది. లోపల పొర విడిపోయిన రాయి డొల్లగా పలుకుతుంది. వేళ్ళకు సన్నని అదురు తెలుస్తుంది. చూపుకు రెండూ ఒకటే నలుపు. డొల్ల పలికిన చోట కింద ఊతాలైనా పెట్టించాలి, ఆ రాతిని గునపాలతో జాగ్రత్తగా దింపించనైనా దింపించాలి. ఆ పని అయ్యేదాకా అక్కడికి మనిషిని పోనివ్వకూడదు.

కప్పు తరవాత గాలి. ఇప్పుడు మీటలు నొక్కితే అంకెలు చూపే పరికరాలు వచ్చాయిగాని, తరతరాల గనివారికి గాలి సంగతి చెప్పినది జల్లెడ తొడుగు వేసిన దీపం. 1815లో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ అనే శాస్త్రజ్ఞుడు కనిపెట్టిన దీపానికి వారసురాలు అది. మీథేను వాయువు గాలికంటె తేలిక; కప్పు కింద గూళ్ళలో చేరి నిలుస్తుంది. అందుచేత దీపాన్ని ఒత్తి తగ్గించి, నెమ్మదిగా కప్పు దాకా ఎత్తి చూస్తారు. వాయువు ఉంటే జ్వాల మీద నీలిరంగు టోపీ పెట్టినట్లు కనిపిస్తుంది. గాలిలో ఈ వాయువు నూటికి 5 నుంచి 15 పాళ్ళ వరకు చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. బొగ్గుపులుసు గాలి ఇందుకు విరుద్ధం. అది బరువుగా నేలనంటి ఉంటుంది. దాని కోసం దీపాన్ని కిందికి దించాలి. నడుము ఎత్తున దీపం పట్టుకుని దర్జాగా నడిచి వచ్చినవాడికి రెండూ కనబడవు. అయినా రిజిస్టరులో అతను “అంతా సవ్యం” అని వ్రాస్తే అది అబద్ధమని ఎవరూ అనలేరు. అతను చూసినంత మేర నిజంగానే అంతా సవ్యం!

నేను తెలుగు పాఠం చెప్పుకుని బతికేవాణ్ణి. నాకీ దీపాల గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. ఆ సంగతికి వస్తున్నాను. ముందు విశాఖపట్నం మాట ఒకటి చెప్పాలి.

2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్నంలో వెంకటాపురం దగ్గర ఒక ప్లాస్టిక్కు ముడిసరుకు కర్మాగారంలోని ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి బయటికి వచ్చి, నిద్రలో ఉన్న ఊరి మీద పడింది. పన్నెండుమంది చనిపోయారు. వందలమంది ఆస్పత్రుల పాలయ్యారు. స్టైరీన్‌ను చల్లగా ఉంచాలి. వేడెక్కితే తనలో తాను కలిసి గట్టిపడుతూ, ఆ పనిలో మరింత వేడిని పుట్టించుకుంటుంది. రాష్ట్రప్రభుత్వం వేసిన ఉన్నతాధికార సంఘం ఆ జూలైలో నివేదిక ఇచ్చింది. అందులో నా మనసులో ములుకులాగా నాటుకున్న అంశం ఒకటున్నది. ట్యాంకు వేడిని కొలిచే సాధనం అడుగుభాగాన మాత్రమే ఉన్నదట! వేడి ద్రవం పైకి చేరుతుంది. పై భాగం కాగుతున్నా అడుగున అంకె చల్లగానే కనిపిస్తుంది. అపాయపు కూత కూయించే మీటలు ఆవరణలో 36 చోట్ల ఉన్నా, ఆ రాత్రి కూత వినపడలేదనీ అదే నివేదిక చెప్పింది.

దీపం పైకెత్తి చూడవలసిన చోట కిందికి దించి చూడడమంటే ఇదే. అక్కడా అంకెలు వ్రాస్తూనే ఉన్నారు. పుస్తకమూ నిండుతూనే ఉన్నది.

ఇక నా గొడవ. నా దగ్గర డిగ్రీ చదువుకున్న ఒక శిష్యుడు తరవాత సాంకేతిక పరీక్షలు ప్యాసై ఒక పెద్ద కర్మాగారంలో భద్రతాధికారి అయ్యాడు. ఊరూ పేరూ చెప్పను. అతను ఒకనాడు కాగితాల కట్ట పట్టుకుని వచ్చి, “మాస్టారూ, తనిఖీ ప్రశ్నలు ఇంగ్లీషులో ఉన్నాయి. పనివాళ్ళకు అర్థం కావు. మీరు తెలుగు చేసి పెట్టాలి” అన్నాడు. అరవైకి పైగా ప్రశ్నలు. ఒక్కొక్క దాని ఎదుట రెండు చిన్న గళ్ళు: అవును, కాదు.

మొదటి ప్రశ్న: “యంత్రములకు తగిన రక్షణ కవచములు కలవా?” తెలుగు చేయడానికి ఒక్క నిమిషం పట్టలేదు. చేసిన తరవాత ఇద్దరం దాన్ని చూస్తూ కూర్చున్నాం. ‘తగిన’ అంటే ఎంత? ఎవరికి తగిన? మా శిష్యుడు కాస్త ఆలోచించి, “కవచం సందులోంచి వేలు దూరితే తగనట్లే” అన్నాడు. అయితే అదే అడగమన్నాను. “ఈ చక్రం చుట్టూ ఉన్న వలలో వేలు దూరే సందు ఎక్కడైనా ఉన్నదా? ఎక్కడ?” అని వ్రాశాం. “అగ్నిమాపక సాధనములు అందుబాటులో కలవా?” అన్నది, “ఎర్ర సిలిండరు ముందు బస్తాలు, బల్లలు అడ్డం ఉన్నాయా? దాని ముల్లు పచ్చగీతలో ఉన్నదా?” అని రెండు ప్రశ్నలయింది. “అత్యవసర తాడు కలదా?” అన్నదాని దగ్గర చాలాసేపు ఆగాం.

ఆ తాడు సంగతి పాఠకులకు చెప్పాలి. బొగ్గో, రాయో మోసుకుపోయే పొడుగాటి బెల్టు ఉంటుంది. దాన్ని కన్వేయరు అంటారు. ఎవరైనా దానిలో చిక్కుకుంటే లాగి ఆపడానికి, దాని పక్కన నడవ పొడుగునా ఒక తాడు కట్టి ఉంటుంది. తాడు కంటికి కనిపిస్తున్నది గనుక ‘అవును’ గడిలో గీత పెట్టవచ్చు. లాగితే బెల్టు ఆగుతుందా అన్నది వేరే సంగతి. దుమ్ము పట్టి మీట బిగుసుకుపోయి ఉండవచ్చు. తాడు వదులై, బారెడు లాగినా మీట కదలకపోవచ్చు. కాబట్టి ప్రశ్న మార్చాం: “తాడు లాగారా? బెల్టు ఆగిందా? ఎన్ని సెకండ్లకు?”

అతనికి ఈ పట్టుదల ఎందుకు కలిగిందో ఆ పూట సాయంత్రం చెప్పాడు. అతను ఆ ఉద్యోగంలో చేరక మునుపు అక్కడి బెల్టు చివర తిరిగే డ్రమ్ము దగ్గర ఒక కాంట్రాక్టు కుర్రవాడి కుడిచేయి మోచేతి దాకా పోయింది. పాత తనిఖీ పుస్తకం తిరగేస్తే వరసగా మూడు నెలలు ఒకే దస్తూరీలో ఒకే వాక్యం ఉన్నదట: “డ్రమ్ము వద్ద వల వదులుగా ఉన్నది. సరిచేయవలెను.” నాలుగో నెల ఆ కాలమ్‌లో ఏమీ లేదు. ప్రమాదాల పుస్తకంలో ఉన్నది.

‘సరిచేయవలెను.’ ఎవరు? ఎప్పటిలోగా? తెలుగులో కర్త లేకుండా వాక్యం హాయిగా నిలబడుతుంది. మా క్లాసులో నేనే దానికి ఉదాహరణలు చెబుతుంటాను. వల మాత్రం దానంతట అది బిగుసుకోదు. అంతకంటె ముఖ్యమైన ప్రశ్న, వల ఎందుకు వదులవుతున్నది అన్నది, ఆ మూడు నెలలూ ఎవరికీ తోచలేదు. డ్రమ్ము కింద బొగ్గుపొడి రాలి గుట్ట పడుతుంది. దాన్ని ఎత్తకపోతే బెల్టు పక్కకు జరుగుతుంది. వల ఉంటే పార లోపలికి పోదు. బెల్టు ఆపిస్తే పైనుంచి “ఎందుకు ఆపావు?” అని ఫోను. అందుచేత కుర్రవాళ్ళు బోల్టులు వదులు చేసి, వల పక్కకు తోసి, తిరుగుతున్న డ్రమ్ము కింద పార పెట్టడం అలవాటు చేసుకున్నారు. బోల్టు బిగించిపోతే మర్నాటికి మళ్ళీ వదులవుతుంది. రాలే పొడికి దారి చూడాలి. లేదా వల బయటి నుంచే ఎత్తడానికి వీలుగా పొడుగుకాడ పార చేయించాలి. బెల్టు ఆపినవాణ్ణి కసిరే పద్ధతి మారాలి. ఇవేవీ ‘అవును-కాదు’ గళ్ళలో పట్టవు. డ్రమ్ము దగ్గర పనిచేసేవాణ్ణి పక్కకు పిలిచి, మేస్త్రీ వినకుండా, “ఇది ఇట్లా ఎందుకు చేస్తున్నావయ్యా?” అని అడిగితేనే బయటపడతాయి.

తనిఖీకి పనివాణ్ణి వెంట తీసుకుపోవాలన్నది కొత్త ఊహ కాదు. మన దేశంలో గనుల తనిఖీకంటూ ఒక కార్యాలయం 1902 జనవరి 7న కలకత్తాలో ఏర్పడింది. 1955 నాటి గనుల నియమాలలో తరువాత చేర్చిన ఒక ఏర్పాటు, 500 మందీ అంతకు మించీ పనిచేసే గనిలో కార్మికుల తరఫున ముగ్గురు తనిఖీదారులు ఉండాలన్నది: గని పనికి ఒకరు, యంత్రాలకు ఒకరు, కరెంటుకు ఒకరు. 2020లో పార్లమెంటు ఆమోదించిన కొత్త స్మృతి సర్కారు తనిఖీ అధికారి పేరునే మార్చి ‘ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్’ చేసింది. ఆ రెండో మాటకు తెలుగు వెతికి వెతికి నేను ‘దారి చూపేవాడు’ దగ్గర ఆగాను. అంతకంటె మంచి మాట ఎవరికైనా తోస్తే సంతోషం.

ఏ రోజున, ఏ వేళ వెళ్ళాలన్నది కూడా ఇంట్లో కూర్చుని ఆలోచించవలసిన విషయమే. ముందుగా చెప్పి వెళితే ఏమవుతుందో మా ఉపాధ్యాయ జాతికి ఒకరు చెప్పనక్కరలేదు. పూర్వం బడికి ఇన్‌స్పెక్టరుగారు వస్తున్నారంటే గోడలకు సున్నం పడేది. ప్రశ్నకు జవాబు తెలిసినవాళ్ళు కుడిచెయ్యి, తెలియనివాళ్ళు ఎడమచెయ్యి ఎత్తాలని పిల్లలకు ముందే పాఠం అయ్యేది! పొద్దున్న పదింటికి, టీ తాగి, మేనేజరుగారితో కలిసి బయలుదేరే తనిఖీకి సున్నమే కనిపిస్తుంది. రాత్రి షిఫ్టులో కళ్ళు మూతలు పడే మూడు, నాలుగు గంటల వేళ, షిఫ్టు మారే చివరి అరగంట, పండుగ మర్నాడు, మొదటి వాన పడిన రోజు, చాలాకాలం మూసిన యంత్రాన్ని తిరిగి నడిపే రోజు, ఇవి చూడవలసిన సమయాలు. ఒక పూటలో కర్మాగారమంతా చుట్టి వస్తే కాళ్ళ నొప్పులు తప్ప మిగిలేది లేదు. ఒక బెల్టు, ఒక గది, ఒక మెట్లవరస చాలు.

వెళ్ళబోయే ముందు పాత పుస్తకాలు చదవాలి. దెబ్బ తగలకుండా వెంట్రుకవాసిలో తప్పిన సంగతులు వాటిలో ఉంటే మరీ మంచిది. పటాలూ చూడాలి, కంటికి కనిపించనివి కొన్ని పటంలోనే ఉంటాయి గనుక. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గర చాస్‌నాలా గనిలో, పైన పాత పనులలో నిలిచిన నీరు అడ్డు తెంచుకుని కింద పనిచేసేవారి మీద విరుచుకుపడింది. దాదాపు 375 మంది పోయారు. కింద ఎంత కప్పు కొట్టి చూసినా ఆ నీరు చప్పుడు చేయదు. పటం పరచుకుని, మన నెత్తిమీద ఎంత దూరంలో ఏమున్నది అని లెక్క వేసుకున్నవాడికే అది కనిపిస్తుంది.

మేము చేసిన తెలుగు కాగితంలో చివరకు అరవై ప్రశ్నలు ఇరవైరెండయ్యాయి. అవును-కాదు గళ్ళు తీసేశాం. ప్రతి ప్రశ్నకూ ఎదురుగా నాలుగు కాలమ్‌లు: ఏమి చూశారు, ఎవరు సరిచేస్తారు, ఎప్పటిలోగా, తిరిగి చూసినది ఎవరు. ‘సవ్యం’ అన్న మాట వ్రాయకూడదని పైన ఒక సూచన పెట్టాం. తెలుగు మేష్టరు ఒక తెలుగుమాటను నిషేధించడం బహుశా అదే మొదలు కాబోలు.

మొదటి నెల నింపిన కాగితాలలో ఒకదాని ఫోటో తీసి మావాడు నాకు పంపాడు. బెల్టు దగ్గర పనిచేసే ఒక కార్మికుడు పెన్సిలుతో వ్రాసినది. అక్షరాలు వంకరటింకర, దీర్ఘాలు కొన్ని చోట్ల లేవు. తాడు ప్రశ్నకు ఎదురుగా ఇట్లా ఉన్నది: “లాగాను. ఆగలేదు. అవతలి వైపు తాడు లాగాను. ఆగింది. ఎలక్ట్రీషియనుకు చెప్పాను. సాయంత్రం లోపల చేస్తానన్నాడు.” చివరి కాలమ్‌లో వేరే సిరాతో, “ఆరున్నరకు మళ్ళీ లాగాను. నాలుగు సెకండ్లకు ఆగింది” అని ఉన్నది.