రెండు యూనిట్ల చదువు, ఎత్తిపోతల లెక్క

మాచర్ల దగ్గర చంద్రవంక వాగు దాదాపు 70 అడుగుల ఎత్తు నుంచి దూకే చోటే మన ఎత్తిపోతల. ఆ పేరుకి రెండర్థాలు చెబుతారు. యతులు తపస్సు చేసిన చోటు కాబట్టి 'యతి తపో తలం' అనేది ఒకటి. నీళ్లు ఎత్తి పోయడం అనేది రెండోది, ఎత్తిపోతల పథకం అంటాం చూడండి, అలాగ. ఏది అసలుదో పండితులు తేల్చుకోనీ. మన బీటెక్ చదువుకి మాత్రం రెండూ పనికొస్తాయి.

ఎగ్జామ్స్ ముందు హాస్టల్లో ఎక్కువగా వినిపించే ప్రశ్న ఏంటి? "మామా, రెండు యూనిట్లు చదివితే పాసేగా?" లెక్క ప్రకారం పాసే. జేఎన్‌టీయూకే ఆర్20లో థియరీకి ఇంటర్నల్స్ 30, ఎక్స్‌టర్నల్ 70. ఐదు యూనిట్లు, ఒక్కోదానికి 14 మార్కులు. రెండు యూనిట్లు పూర్తిగా రాస్తే 28, ఇంటర్నల్స్‌లో 12 వస్తే మొత్తం 40. గట్టెక్కాం! అందుకే మనవాళ్లని బద్ధకస్తులని నేననను. పేపర్ ఎంత అడుగుతుందో అంతే కష్టపడుతున్నారు.

కానీ మన మార్కుల మెమోలో ఇంకో లెక్క కూడా ఉంది. అది క్రెడిట్లు. 2023లో వచ్చిన జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ ప్రకారం ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. మూడు క్రెడిట్ల సబ్జెక్టుకి 90 గంటలన్నమాట. వారానికి మూడు క్లాసులు, 16 వారాలు, అంటే క్లాసులో 48 గంటలు. మిగతా 42 గంటలు మన సొంతంగా చదవాల్సినవి. పరీక్షల ముందు రోజుకి పది గంటలు కూర్చున్నా ఒక్క సబ్జెక్టుకే నాలుగు రోజులు దాటుతుంది. అన్ని రోజుల గ్యాప్ ఎవరిస్తారు?

అదే 42 గంటల్ని 16 వారాలకి పంచండి. వారానికి రెండున్నర గంటల పైచిలుకు. ఐదు సబ్జెక్టులకి కలిపి రోజుకి రెండు గంటలు కూడా కాదు.

ఇది మన ఒక్కళ్ల గొడవే కాదు. అమెరికాలో ఫుల్‌టైమ్ డిగ్రీ విద్యార్థులు 1961లో క్లాసు బయట వారానికి సుమారు 24 గంటలు చదివితే, 2003 నాటికి అది 14కి పడిపోయిందని బాబ్‌కాక్, మార్క్స్ అనే ఆర్థికవేత్తలు లెక్కగట్టారు.

నైట్ అవుట్ చదువు పనిచేస్తున్నట్టు ఎందుకనిపిస్తుంది? 2006లో రోడిగర్, కార్పికీ చేసిన ప్రయోగంలో జవాబు ఉంది. ఒకే పాఠాన్ని కొందరు మళ్లీ మళ్లీ చదివారు, కొందరు ఒకసారి చదివి చూడకుండా రాసుకున్నారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెడితే చూడకుండా రాసినవాళ్లు ముందున్నారు. పొద్దున్నే పరీక్ష కాబట్టి మనకి ఆ వారం సంగతి తెలియదు.

తెలిసేది తర్వాతి ఏడాది. మాది ఈసీఈ. సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్‌లో జెడ్ ట్రాన్స్‌ఫామ్ సాధారణంగా చివరి యూనిట్‌లో ఉంటుంది, చాయిస్‌లో వదిలేసేది కూడా ఎక్కువగా దాన్నే. డీఎస్‌పీలో అడుగడుగునా అదే. వదిలేసిన యూనిట్ బ్యాక్‌లాగ్‌గా మెమోలో కనపడదు, కానీ ఇంటర్వ్యూలో కనపడుతుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద, ఇంట్లోవాళ్ల అప్పు మీద చదివే మనకి అది చిన్న నష్టం కాదు.

జలపాతంలో నీళ్లు వాటంతట అవే కిందపడతాయి. పైకెక్కించాలంటే మాత్రం మోటారు రోజూ ఆడాలి. ఈ సెమిస్టర్ నేను పాటిస్తున్న పద్ధతి చెబుతా. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకో సబ్జెక్టు, రెండున్నర గంటలు. చివరి అరగంట పుస్తకం మూసేసి, గుర్తున్నది తెల్లకాగితం మీద రాయడం. మాచర్ల, గురజాల నుంచి బస్సులో తిరిగే డేస్కాలర్లకి, మిరపకోతలప్పుడు ఇంటికెళ్లి సాయం చేసేవాళ్లకి రోజూ అంత కుదరదు. వాళ్లు రోజూ గంట పెట్టుకుని, మిగతాది ఆదివారం చూసుకోవచ్చు.

ముందు ఒక్క సబ్జెక్టుతో మొదలుపెట్టండి. మీరెప్పుడూ చాయిస్‌లో వదిలేసే ఆ చివరి యూనిట్‌తోనే.